ఇరవై ఒక్క శాతం

పోయిన వేసవిలో అమ్మా నాన్నా మా దగ్గరికి డెన్వర్ వచ్చారు. పైక్స్ పీక్ కొండ చివరిదాకా కారులోనే వెళ్ళిపోవచ్చంటే నాన్న ముచ్చటపడ్డారు. "అంత ఎత్తున గాలి ఆడదంటారు కదరా?" అని అమ్మ భయపడింది. నేను ఇంజనీరునని గుర్తొచ్చి, "అక్కడైనా ఇక్కడైనా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే అమ్మా!" అన్నాను.

అబద్ధం చెప్పలేదు. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు.

పైన 14,115 అడుగులు. నాన్న కారు దిగి పట్టుమని పది అడుగులు వేశారో లేదో, రైలింగ్ పట్టుకుని ఆగిపోయారు. పెదాలు కాస్త నీలంగా కనబడ్డాయి. "ఏం లేదురా, కొంచెం ఆయాసం" అన్నారు. అమ్మ నా వైపు చూసింది. వెంటనే కారు వెనక్కి తిప్పాను. దిగే కొద్దీ ఆయన తేరుకున్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంటర్లో మార్కుల కోసం బట్టీ పట్టిన డాల్టన్ సూత్రం అప్పుడు గుర్తొచ్చింది. మిశ్రమంలో ప్రతి వాయువూ పక్కవాటితో పని లేకుండా తన వంతు ఒత్తిడి తాను కలిగిస్తుంది. అవన్నీ కలిపితే మొత్తం పీడనం. సముద్రమట్టం దగ్గర అది 760 మిల్లీమీటర్ల పాదరసం, అందులో ఆక్సిజన్ వాటా 160. ఆ కొండ మీద మొత్తమే సుమారు 460. అదే 21 శాతం లెక్క కడితే 97 కూడా దాటదు. ఆక్సిజన్‌ని రక్తంలోకి నెట్టేది ఈ పాక్షిక పీడనమే గానీ శాతం కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పీల్చిన గాలి ఊపిరితిత్తులు చేరేలోపే తడిసిపోతుంది. ఆ నీటి ఆవిరి 47 తీసేసుకుంటుంది. అది ఒంటి వేడిని బట్టి ఉంటుంది, ఎత్తుని బట్టి కాదు. 760లోంచి 47 పోతే పెద్దగా తెలియదు. 460లోంచి కూడా అదే 47 పోవాలి. ఇక ఆక్సిజన్‌కి మిగిలేది 87.

పొద్దున్నే కాఫీ తాగుతూ ఇదంతా నాన్నకి కాగితం మీద వేసి చూపించాను. గుమాస్తాగా రిటైరైన మనిషి, అంకెలంటే ఇష్టం. కళ్ళజోడు సర్దుకుని చూసి, "అంటే జీతం తగ్గినా ఇంటద్దె తగ్గదన్నమాట" అన్నారు.

ఇన్నేళ్ళలో ఏ లెక్చరరూ నాకు ఇంత తేలిగ్గా చెప్పలేదు.

ఈ లెక్క నిన్ననే ఎందుకు వెయ్యలేదురా అని మాత్రం ఆయన అడగలేదు. అడిగుంటే బావుండేది.