జంట టవర్లు దాటితే... మన తెలుగు తోటలు!

నల్లకుంట నుంచి తిరుపతి వెళ్ళాలంటే కాచిగూడలో రైలెక్కి రాత్రంతా ప్రయాణించాలి. అదే శంషాబాద్‌లో విమానమెక్కితే నాలుగ్గంటల పైచిలుకులో కౌలాలంపూర్! అందుకేనేమో... వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే చాలు, శంకర మఠం చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో అమ్మమ్మగారి ఊరికి గట్టి పోటీ మొదలవుతోంది. 'మలేసియానా... థాయ్‌లాండా...' అంటూ అన్నం తినేటప్పుడు చర్చలు. 2023 డిసెంబరు 1 నుంచి మలేసియా ప్రభుత్వం మనవాళ్ళను వీసా లేకుండానే 30 రోజులు ఉండనిస్తోంది. ఆ వెసులుబాటును 2026 చివరిదాకా పొడిగించింది కూడా. దాంతో ఈ చర్చలో మలేసియాదే పైచేయి. వీసా అక్కర్లేదు కదాని ఊరుకోకూడదు. అక్కడికి చేరే రోజుకు ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. చంటిపిల్లకైనా విడిగా నింపాల్సిందే. ఇలాంటి నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్లు కొనేముందు మరోసారి చూసుకోవడం మంచిది.

ప్యాకేజీ టూరు అయితే అంతా చకచకా అయిపోతుంది. జంట టవర్ల దగ్గర ఫొటోలు, బాతూ గుహలు, జెంటింగ్ కొండ, ఓ పూట షాపింగ్... నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు. ఇంటికొచ్చాక 'ఏం చూశావురా?' అని తాతయ్య అడిగితే 'రోప్‌వే' అంటాడు మనవడు. అంతే! నిజానికి తెలుగువాళ్ళకు మలేసియా ఒట్టి టూరిస్టు దేశం కాదు. వందేళ్ళకు పైగా మనవాళ్ళు చెమటోడ్చిన నేల అది. వాళ్ళ మునిమనవలు ఇప్పటికీ 'మేం తెలుగువాళ్ళం' అని చెప్పుకుంటున్నారు. ఆ సంగతి ఏ ప్యాకేజీ కాగితంలోనూ ఉండదు. మరో రెండు మూడు రోజులు కలుపుకుంటే పిల్లలకు ఆ మలేసియానూ చూపించొచ్చు.

ముందు పిల్లల ముచ్చట

వెళ్ళేది పిల్లలతో కాబట్టి ముందు వాళ్ళ సరదా తీరాలి. 1998లో పూర్తయిన పెట్రోనాస్ జంట టవర్ల ఎత్తు 452 మీటర్లు. 88 అంతస్తులు. 41, 42 అంతస్తుల దగ్గర రెంటినీ కలుపుతూ గాల్లో వంతెన ఉంటుంది. రోజుకు ఇన్నని టికెట్లు, అవీ ముందే అయిపోతుంటాయి. అక్కడికెళ్ళాక క్యూలో నిలబడి నిరాశపడేకన్నా ఇంట్లోనే ఆన్‌లైన్‌లో కొనుక్కోవడం నయం. ఒక్క మాట... చిన్నపిల్లలకు ఆ ఎత్తుకన్నా కిందున్న పార్కే ఎక్కువ నచ్చుతుంది. అక్కడ మోకాలి లోతు నీళ్ళలో పిల్లలు కేరింతలు కొట్టే కొలను ఉంది. మరో జత బట్టలు సంచిలో లేకపోతే ఆ రోజు అమ్మ పని అయినట్టే! కాస్త పెద్ద పిల్లలుంటే ఆ ప్రాంగణంలోనే ఉన్న 'పెట్రోసైన్స్' అనే సైన్సు కేంద్రంలో సగం రోజు ఇట్టే గడిచిపోతుంది. బర్డ్ పార్కూ అలాంటిదే. పైన ఎత్తుగా వల, కింద చెట్లు. మనుషుల మధ్యే పక్షులు తిరుగుతుంటాయి. పంజరాల ముందు నిలబడి చూడటం మాత్రమే తెలిసిన పిల్లలకు అదో వింత.

బాతూ గుహల దగ్గర 2006లో నిలబెట్టిన మురుగన్ విగ్రహం ఎత్తు 42.7 మీటర్లు. గుహలోకి 272 మెట్లు. 2018లో వాటికి రంగురంగుల హంగులద్దారు. పిల్లలు లెక్కపెట్టుకుంటూ ఎక్కేస్తారు కానీ చేతిలో అరటిపండో చిప్స్ ప్యాకెట్టో ఉంటే కోతులు లాక్కుపోతాయి. మోకాళ్ళ నొప్పులున్న బామ్మలు కింది ఆలయాల్లో దర్శనం చేసుకుని కూర్చుంటే సరి. ఇక జెంటింగ్ అంటారా, కేబుల్ కారులో మబ్బుల మధ్య నుంచి పైకి వెళ్ళడం బాగుంటుంది. ఆ తర్వాత కనిపించేవి ఎక్కువగా పెద్ద పెద్ద హోటళ్ళూ షాపులే. దానికి ఒక పూట చాలు. రెండు రాత్రులు అక్కడే ఉండే ప్యాకేజీ ఇస్తామంటే వద్దనడమే మంచిది.

మలయ్ భాషను ఇంగ్లిషు అక్షరాల్లోనే రాస్తారు కాబట్టి బోర్డులు చదవడం పిల్లలకు మంచి ఆట. చదివినకొద్దీ మనకు తెలిసిన మాటలే! బాసకు 'బహాస', పేరుకు 'నామ', ముఖానికి 'ముక', రంగుకు 'వర్ణ', తలకు 'కెపాల', భూమికి 'బూమి', ఉపవాసానికి 'పువాస'. ఎన్ని దొరికాయో పిల్లల్ని లెక్క రాయమంటే కారు ప్రయాణంలో అల్లరి సగం తగ్గుతుంది. ఇందులో తమాషా ఏమిటంటే 'దోస' అంటే అక్కడ పాపం అని అర్థం. మన 'దోషం' అన్నమాట. హోటళ్ళలో మన దోశను తమిళుల పద్ధతిలో 'తోసై' అంటారు కనుక ఆ పాపం ఎవరికీ అంటదు!

తిండి గురించి నల్లకుంట ఇల్లాళ్ళ మొదటి ప్రశ్న 'శాకాహారం దొరుకుతుందా?' అనే. దొరుకుతుంది. కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరిటాకు భోజనం పెట్టే హోటళ్ళున్నాయి. రాత్రీపగలూ తెరిచి ఉండే 'మామాక్' హోటళ్ళలో పొరలు పొరలుగా ఉండే రోటీ చనాయ్, పప్పు దొరుకుతాయి. చాయ్‌ని ఒక గ్లాసులోంచి మరో గ్లాసులోకి బారెడు ఎత్తు నుంచి పోసే 'తే తారిక్' చూస్తే ఇరానీ చాయ్ తాగి పెరిగినవాళ్ళకూ ముచ్చటేస్తుంది. చిక్కల్లా ఒక్కటే. అక్కడి సాంబల్ కారంలో 'బెలచాన్' అనే రొయ్యల ముద్ద కలుపుతారు. కొబ్బరిపాలతో వండే 'నాసీ లెమాక్' అన్నం పక్కన ఎండు చేపలు పెడతారు. 'సాయూర్' అంటే కూరగాయలే అయినా ఆ కూరలోనూ రొయ్యలుండొచ్చు. నియమం ఉన్నవాళ్ళు అడిగి తినాలి. రింగిట్ విలువ ఇరవై రూపాయల పైచిలుకు అని గుర్తుంటే బిల్లు చూసినప్పుడు కంగారుండదు.

ఓడెక్కిన మనవాళ్ళు

ఇప్పుడు అసలు సంగతి. పంతొమ్మిదో శతాబ్దం చివరా ఇరవయ్యో శతాబ్దం మొదటా బ్రిటిషువాళ్ళు మలయాలో రబ్బరు, కొబ్బరి తోటలు పెంచుతున్నప్పుడు పనివాళ్ళు కావాల్సి వచ్చారు. ఎక్కువమంది తమిళ జిల్లాల నుంచి వెళ్ళారు. వాళ్ళతోపాటే విశాఖ, శ్రీకాకుళం వైపు పల్లెల నుంచి కరవుకూ అప్పులకూ తాళలేక తెలుగువాళ్ళూ ఓడెక్కారు. మొదట ఒప్పంద కూలీలుగా, 1910లో ఆ పద్ధతి రద్దయ్యాక 'కంగాణీ' వెంట. కంగాణీ అంటే తోటలో పనిచేసే మేస్త్రీ. సొంతూరికి వచ్చి, తెలిసినవాళ్ళనూ చుట్టాలనూ పోగుచేసి, దారి ఖర్చులిచ్చి తీసుకెళ్ళేవాడు. 1938లో భారత ప్రభుత్వం నిషేధించేదాకా అలా వెళుతూనే ఉన్నారు.

వెళ్ళినవాళ్ళందరూ బతకలేదు. అడవి కొట్టి తోట వేసిన చోటల్లా మలేరియా. ఇక్కడే నల్లకుంట పిల్లలకు చెప్పాల్సిన కథ ఒకటుంది. రోజూ స్కూలు బస్సులోంచి వాళ్ళు చూసే ఫీవర్ ఆసుపత్రి అసలు పేరు సర్ రొనాల్డ్ రాస్ పేరు మీద ఉంటుంది. మలేరియాకు దోమే కారణమన్న సంగతిని రాస్ 1897 ఆగస్టులో మన సికింద్రాబాద్‌లోనే కనిపెట్టాడు. మరో నాలుగేళ్ళకు, 1901లో, కౌలాలంపూర్ దగ్గరి క్లాంగ్ పట్టణంలో మాల్కం వాట్సన్ అనే డాక్టరు ఆ ఆవిష్కరణను ఆధారం చేసుకుని బురద గుంటలు పూడ్పించాడు, కాలవలు తవ్వించాడు. జ్వరాలు బాగా తగ్గాయి. తర్వాత ఆ పద్ధతి తోటల్లోకీ వెళ్ళింది. బేగంపేటలో ఒక మైక్రోస్కోపు కింద తేలిన నిజం సముద్రం అవతల మన కూలీల ప్రాణాలు కాపాడిందన్నమాట.

జ్వరాన్ని తప్పించుకున్నవాళ్ళకు యుద్ధం వచ్చిపడింది. 1942 నుంచి 1945 దాకా మలయా జపాన్ చేతిలో ఉంది. థాయ్‌లాండ్ నుంచి బర్మాకు రైలుమార్గం వేయడానికి తోటల్లోంచి తమిళ, తెలుగు కూలీలను వేలాదిగా తరలించారు. ఆకలితో, కలరాతో వాళ్ళలో ఎందరో తిరిగి రాలేదు. ఆ రైలుమార్గం మీద వచ్చిన సినిమాలూ పుస్తకాలూ తెల్ల సైనికుల గురించే ఎక్కువగా చెబుతాయి. కూలీల వంతు వచ్చేసరికి రెండు మూడు వాక్యాలు. పిల్లలు కాస్త పెద్దవాళ్ళయితే ఈ మాట దాచాల్సిన పనిలేదు.

ఆ తోటలు ఎక్కడున్నాయని అడిగితే పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దతూ వైపు వెళ్ళాలి. కొబ్బరికి పేరున్న తీరం అది. తెలుగువాళ్ళు ఎక్కువగా స్థిరపడ్డ ప్రాంతాల్లో ఒకటి. దారిలో తెలుక్ ఇంతాన్ పట్టణం వస్తుంది. అక్కడ 1885లో కట్టిన గడియారపు బురుజు ఒక పక్కకు ఒరిగి నిలబడి ఉంటుంది. బయటినుంచి ఎనిమిది అంతస్తుల్లా కనిపిస్తుంది, లోపలికెళ్తే మూడే! ఒకప్పుడు ఊరికి నీళ్ళిచ్చిన ట్యాంకు దానిపైనే ఉండేది. మెత్తటి నేల ఆ బరువుకు కుంగిందంటారు. పీసా టవరు బొమ్మ పుస్తకంలో చూసిన పిల్లలు ఇక్కడ ఫొటో దిగకుండా కదలరు.

పాత రబ్బరు తోటల కోసం వెతికితే మాత్రం నిరాశే. చాలాచోట్ల రబ్బరు పోయి పామాయిల్ తోటలు వచ్చాయి. కూలీలుండే 'లైన్లు' ఖాళీ అయ్యాయి. పిల్లలు చదువుకుని పట్టణాలకు వెళ్ళిపోయారు. ఒకప్పుడు తోటల్లో రామభజన మందిరాలుండేవి, తెలుగు బడులుండేవి. బడులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. తమిళ బడులు నిలిచాయి కానీ తెలుగు బడులకు సరిపడా పిల్లలు లేరు. అసలు కష్టం అక్కడే మొదలైంది. బడిలో తమిళమో మలయో, బయట ఇంగ్లిషు. తెలుగు ఇంట్లో మాటగా మిగిలింది. పేర్లూ మారాయి. అక్కడి రికార్డుల్లో ఇంటిపేరు ఉండదు. ఫలానావారి కొడుకు, ఫలానావారి కూతురు అని మలయ్‌లో రాస్తారు. మూడు తరాలు గడిచేసరికి ఇంటిపేరు మరిచిపోయిన కుటుంబాలున్నాయి.

అయినా వదిలిపెట్టలేదు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడది మలేసియా తెలుగు సంఘం. ఉగాది చేస్తారు, పిల్లలకు తెలుగు తరగతులు నడుపుతారు. 1975లో మన హైదరాబాద్‌లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగితే, రెండోవి 1981లో ఎక్కడ జరిగాయనుకున్నారు? కౌలాలంపూర్‌లోనే! అక్కడ మాట్లాడటం వచ్చీ చదవడం రాని తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారంటే అర్థముంది. బడి లేదు. మరి చిక్కడపల్లి గ్రంథాలయానికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండి, తెలుగు కథ పుస్తకాన్ని కూడబలుక్కుంటూ చదివే నల్లకుంట పిల్లల సంగతేమిటి? ఆ ప్రశ్న పెద్దవాళ్ళు అడగక్కర్లేదు. మలేసియాలో పుట్టిన తమ ఈడు పిల్లలు తెలుగులో పలకరిస్తే వీళ్ళే తడుముకుంటారు.

రైలూ పడవా

ఇంకో రెండు రోజులుంటే పెనాంగ్ వెళ్ళొచ్చు. కౌలాలంపూర్ నుంచి కరెంటు రైలులో నాలుగ్గంటల చొప్పున బటర్‌వర్త్, అక్కడినుంచి పడవలో దీవికి. కొండెక్కడానికి 1923 నుంచీ నడుస్తున్న తాడు రైలు ఉంది, పెట్టెలు మాత్రం కొత్తవి. అంత టైము లేకపోతే మలక్కా చాలు, రెండు గంటల దారి. 1511లో పోర్చుగీసులు, 1641లో డచ్చివాళ్ళు, 1824లో ఇంగ్లిషువాళ్ళు పట్టుకున్న రేవు. గోల్కొండ నవాబుల కాలంలో మచిలీపట్నం బట్టలు ఈ సముద్రాల మీదే అమ్ముడయ్యేవి. అక్కడ 1748 నాటి ఓ మసీదుకు 'కంపుంగ్ క్లింగ్' అని పేరు. ఆ 'క్లింగ్' మన కళింగమే. ఒకప్పుడు మన తీరం వర్తకులను పిలిచిన మాట. రాను రాను తిట్టుగా మారింది కాబట్టి మసీదు పేరుగా తప్ప పిల్లలను పలకనివ్వకూడదు.

ఎప్పుడెళ్ళాలన్నది మరో ప్రశ్న. మన వేసవి సెలవులకు ఇబ్బంది లేదు. అక్కడ ఏడాదంతా ఒకేలా ఉక్కపోత, సాయంత్రం ఉరుములతో వాన. గొడుగులు తీసుకెళ్ళాలి. తూర్పు తీరం దీవులకు మాత్రం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్ళకూడదు, సముద్రం పోటు మీద ఉంటుంది. డెంగీ అక్కడా ఉంది కాబట్టి దోమల క్రీము, పిల్లలకు పొడుగు చేతుల చొక్కాలు ఉండాలి. ప్లగ్గులు మూడు చదరపు ముల్లులవి, అడాప్టర్ ఇక్కడే కొనుక్కోవాలి. గడియారం రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవాలి. ఆవకాయ సీసాను చేతి సంచిలో రానివ్వరు, పెద్ద పెట్టెలో గట్టిగా చుట్టి పెట్టాలి. దాని పక్కన చోటుంటే కాచిగూడ చౌరస్తాలో దొరికే బొమ్మల కథల పుస్తకాలు నాలుగైదు సర్దుకోండి. అక్కడ తెలుగు నేర్చుకుంటున్న పిల్లలకు ఇవ్వడానికి, విమానంలో మనవాళ్ళు చదువుకోవడానికి.