లక్సెట్టిపేట ఆకాశం

మంచిర్యాలలో బస్సెక్కి పడమరగా సాగితే గంటలోపే లక్సెట్టిపేట చేరవచ్చు. దక్షిణాన గోదావరి, ఉత్తరాన అడవులు. ఒకప్పుడు ఆదిలాబాదు జిల్లాలో తాలూకా కేంద్రం. 2016 నుంచి మంచిర్యాల జిల్లాలో వున్నది. గూడెం గుట్టపై సత్యనారాయణస్వామిని సేవించేవారు, రాయపట్నం వంతెన దాటి ధర్మపురి నరసింహుని దర్శనానికి పోయేవారు యీ వూరి మీదుగానే వెళుతుంటారు. అయితే నేను చెప్పబోయేది దేవుళ్ళ సంగతి కాదు, ఆకాశం సంగతి.

ఒక సాయంకాలం గోదావరి ఒడ్డున నిలబడి వున్నాను. పడమట శుక్రుడు దేదీప్యమానంగా వెలుగుతున్నాడు. గొర్లను మళ్ళేసుకు పోతున్న ఒకాయన, అరవై దాటినవాడు, ఆగి అడిగాడు:

"గది ఇమానమా, సుక్కనా సారూ?"

"చుక్కే బాపూ" అన్నాను.

"స్కైలాబు పడ్తదన్ననాడు నేను సిన్నపోరణ్ణి. సచ్చెటోళ్ళకు మేకలెందుకని మా నాయిన జత మేకలను అడ్డికి పావుసేరు అమ్మిండు. మల్లనాడు సూస్తే మేం బతికే ఉన్నం, మేకలే లెవ్వు!"

1979 జూలై 11న అమెరికావారి స్కైలాబు ముక్కలై హిందూ మహాసముద్రంలోను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడింది. కరీంనగరం పల్లెలపై రేకుముక్క రాలకపోయినా భయం మాత్రం రాలింది. ఉన్న కోళ్ళను, మేకలను కోసుకు తిన్నవారి కథలు యిప్పటికీ చెప్పుకొంటారు.

ఇది పల్లెవారి అమాయకత్వం అనుకోకండి. 2012లో లడఖ్ సరిహద్దున మన సైనికులు రాత్రివేళ వింత వెలుగులు చూచి, శత్రువుల నిఘా విమానాలేమోనని నెలల తరబడి లెక్క రాశారు. మొత్తం 329 సార్లు కనిపించాయట! చివరకు బెంగుళూరు ఖగోళ భౌతిక శాస్త్ర సంస్థవారు పరిశీలించి, ఒకటి గురుడు, మరొకటి శుక్రుడు అని తేల్చారు. అక్కడి ఎత్తున గాలి పలుచన గనుక గ్రహాలు మరీ ప్రకాశవంతంగా కనిపిస్తాయి.

అమెరికా వైమానిక దళం 1952 నుంచి 1969 వరకు 'బ్లూ బుక్' పేరిట పౌరులు, సైనికులు చూచిన వింతలను విచారించింది. వచ్చిన నివేదికలు 12,618. అందులో తేలనివి 701. గ్రహాంతరవాసుల జాడ మాత్రం దొరకలేదు. 2023 నవంబరు 19న ఇంఫాల్ విమానాశ్రయం వద్ద ఏదో ఎగురుతున్నదని తెలియగానే విమానాల రాకపోకలు ఆపివేశారు. మన వైమానిక దళం గాలించింది; ఆ వస్తువు మళ్ళీ కనిపించలేదు.

మరి మన ప్రాంతానికి పైనుంచి నిజంగా ఏమీ దిగదా? దిగుతుంది! హైదరాబాదులోని టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రంనుంచి హైడ్రోజన్ నింపిన పెద్ద బుడగలు ముప్ఫై కిలోమీటర్లకు పైగా ఎగురుతాయి. వాటి పరికరాలు రంగురంగుల పారాచూట్లతో దూర జిల్లాలలో దిగుతాయి. 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లాలో అలాగే దిగిన ఒక పెద్ద గుండ్రటి గదిని చూడడానికి జనం గుమిగూడారు. అంతకు ముందు, అదే సంవత్సరం ఉగాదినాటి రాత్రి, చంద్రపూర్ జిల్లాలో లోహపు వలయం ఒకటి పడింది. అది చైనా రాకెట్టు శకలమని నిపుణులు చెప్పారు.

చూచినవాణ్ణి చూచి నవ్వితే, రేపు నిజంగా పడినప్పుడు వాడు నోరు విప్పడు. ఆ బెలూన్ కేంద్రంవారి పద్ధతి నాకు నచ్చింది. పరికరాలను ముట్టవద్దని, పోలీసు స్టేషనుకో పోస్టాఫీసుకో కబురు చేయమని, చేసినవారికి తగిన బహుమానం యిస్తామని వారు ప్రకటిస్తారు. ఈ మాట నా గొర్లకాపరి మిత్రునికి చెబితే, "గా ముచ్చట గప్పుడే చెప్పేటోడుంటే మేకలు మిగిలేటియి గద సారూ" అన్నాడు.

మీరు లక్సెట్టిపేట వెళితే ఒక రాత్రి వుండండి. ఏదైనా వెలుగు కదులుతున్నట్టు తోస్తే, దానిని ఒక చెట్టుకొమ్మకు సూటిగా పెట్టి చూడండి. పావుగంటలో అది పక్కనున్న నక్షత్రాలతో పాటే జరిగితే, గ్రహమో నక్షత్రమో అన్నమాట. అలా జరగకపోతే వేళ, దిక్కు రాసుకొని ఠాణాలో చెప్పండి. మేకలను మాత్రం అమ్ముకోకండి.