రిమ్ముకీ టైరుకీ మధ్య రెండు మీటర్ల టేపు

మామూలు సైకిలు టైరు రిమ్ము అంచుల్లో ఇరుక్కుని కూర్చుంటుంది. గాలి తీసి అంచు లాగితే లోపలి ట్యూబు బయటికొస్తుంది, సొల్యూషన్ రాసి ప్యాచీ వేస్తే పని అయిపోతుంది. పందెం సైకిళ్ళకు వేసే ట్యూబ్యులర్ టైరు అలా కాదు. ట్యూబును లోపల పెట్టి టైరును చుట్టూ కుట్టేస్తారు. పట్టు దొరికే అంచులు దానికీ ఉండవు, దాని రిమ్ముకీ ఉండవు. రిమ్ము మీద ఉండేది లోతు తక్కువ గాడి ఒక్కటే. ఆ గాడిలో టైరు నిలవాలంటే అతికించాల్సిందే.

ఇంత తంటా ఎందుకంటే, అంచులు లేని రిమ్ము తేలిక. పైగా బాగా అతికిన టైరు గాలి పోయినా రిమ్మును వదలదు, సైకిలు అదుపు తప్పకుండా ఆపుకోవచ్చు. టూర్ డి ఫ్రాన్స్ ఆటగాళ్ళు దశాబ్దాలపాటు ఈ టైర్లనే నమ్ముకున్నది అందుకే.

జిగురుతో అతికించడమంటే రోజుల పని. కొత్త టైరు బిగుతుగా ఉంటుంది కనుక ముందు వట్టి రిమ్ముకే ఎక్కించి, గాలి కొట్టి, సాగనివ్వాలి. తర్వాత రిమ్ముకు రెండు మూడు పూతలు, టైరు అడుగు గుడ్డకు ఒకటో రెండో. ఒక్కో పూతను ఆరబెట్టి, చివరి పూత తడిగా ఉండగానే టైరును లాగి ఎక్కించాలి. ఎంత జాగ్రత్తపడ్డా వేళ్ళకూ రిమ్ము పక్కలకూ జిగురు అంటక మానదు.

ఈ బాధ తప్పించడానికే రెండు వైపులా అంటుకునే టేపు వచ్చింది. చెక్ దేశపు టుఫో, ఫ్రాన్సుకు చెందిన వెలాక్స్, ఎఫెటో మారిపోసా వారి కరోన్యా ఈ రంగంలో తెలిసిన పేర్లు. ఒక చక్రానికి సుమారు 2 మీటర్లు కావాలి. రిమ్మును నూనె మరక లేకుండా తుడిచి, వాల్వు రంధ్రం దగ్గర మొదలుపెట్టి టేపును గాడిలో చుట్టూ నొక్కుతారు. పైనున్న పల్చటి ప్లాస్టిక్ పొరను అప్పుడే తీయరు, దాని కొసలను మాత్రం పక్కకు వేలాడనిస్తారు. టైరు ఎక్కించి, కాస్తంత గాలి కొట్టి, వంకర లేకుండా సరిచూసుకున్నాక ఆ కొస పట్టుకుని పొరను పక్కనుంచి మెల్లగా లాగుతారు.

నేర్పు చూపించాల్సింది ఇక్కడే. గాలి ఎక్కువైతే పొర నలిగి మధ్యలో తెగుతుంది. మిగిలిన ముక్క టైరు కింద ఉండిపోతే ఆ మేర అతుకే ఉండదు. గాలి మరీ తక్కువైతే లాగుతుంటే టైరే జరుగుతుంది. పొర మొత్తం వచ్చాక నిండా గాలి కొట్టి రాత్రంతా వదిలేస్తారు.

టేపు బద్ధకస్తుల దారి అని కొట్టిపారేసే మెకానిక్కులు లేకపోలేదు. అది న్యాయమైన మాట కాదు. జిగురులో అలవాటు లేని చెయ్యి ఒకచోట మందంగా, ఒకచోట పలచగా పూస్తుంది, టేపు మందం అంతటా ఒకటే. పైగా గాలి నిండిన ట్యూబ్యులర్ టైరు తనంత తానే రిమ్మును బిగించి పట్టుకుంటుంది. 100 పి.ఎస్.ఐ. పైన గాలితో తారురోడ్డు మీద తిరిగేవారికి సరిగా వేసిన టేపు చాలు.

బురద దారుల్లో సాగే సైక్లోక్రాస్ పందేల్లో లెక్క మారుతుంది. బురదలో పట్టు కోసం అక్కడ 20, 25 పి.ఎస్.ఐ.తోనే నడుపుతారు. గాలి ఇచ్చే బిగింపు పోతుంది, మలుపులో టైరు పక్కకు ఒరుగుతుంది, అంచుల్లోంచి తడి దూరుతుంది. టైరు అడుగున కుట్టు ఉబ్బెత్తుగా ఉంటుంది కనుక మధ్యభాగం ఆనినా పక్కల సందు మిగులుతుంది. అందుకే బెల్జియం మెకానిక్కులు జిగురు, టేపు కలిపి వాడతారు. నూలు టేపును జిగురులో తడిపి పొరగా వేస్తే ఆ సందు పూడుతుంది. బురద పందేలకు ఇంతకన్నా నమ్మదగిన పద్ధతి లేదనిపిస్తుంది.

అతుకుకు మరో శత్రువు వేడి. రిమ్మును నొక్కి ఆపే బ్రేకులతో కొండ దిగుతుంటే ఆ వేడి నేరుగా జిగురుకే చేరి దాన్ని మెత్తబరుస్తుంది. టైరు ఊడితే ఏమవుతుందో 2003 టూర్ డి ఫ్రాన్స్‌లో లోకమంతా చూసింది. జులై 14న, గాప్ పట్టణం వైపు దిగుతున్న మలుపులో, ఎండకు కరిగిన తారు మీద స్పెయిన్ ఆటగాడు జోసెబా బెలోకి వెనక చక్రం బిగుసుకుంది, టైరు రిమ్మును వదిలింది. తొడ ఎముక, మోచెయ్యి, మణికట్టు విరిగాయి. ముందు ఏడాది అదే పందెంలో రెండో స్థానం పొందిన బెలోకి మళ్ళీ ఆ స్థాయికి రాలేదు. వెనకే వస్తున్న లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ అతన్ని తప్పించబోయి పొలానికి అడ్డంపడి కింద రోడ్డెక్కాడు.

ఇప్పుడు ట్యూబ్‌లెస్ టైర్లు రోడ్డు పందేల్లో ట్యూబ్యులర్‌ను పక్కకు నెట్టాయి. సైకిలు పందేల ట్రాకులైన వెలోడ్రోముల్లో మాత్రం ట్యూబ్యులర్ ఇంకా తిరుగుతోంది. వాడేవారు పందేనికి ముందు గాలి తీసి, బొటనవేళ్ళతో టైరును పక్కకు తోస్తూ చక్రమంతా తడమాలి. ఎక్కడైనా అడుగు గుడ్డ లేచి రిమ్ము కనిపిస్తే ఆ టైరును పూర్తిగా ఊడదీసి, పాత టేపు పీకి, కొత్తది వేయాలి.