సిరంజిలో ఏముందో

2022 మార్చి 14, సోమవారం
ఇవాళ మా టీకా ట్రయల్‌కి వచ్చినావిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. కన్సెంట్ ఫారం ప్రతి పేజీ చదివించుకుంది. "దీనివల్ల మీకు మేలు జరగకపోవచ్చు" అన్న చోట నేనే ఆగాను. ఆవిడ ఆగలేదు. సంతకం పెట్టేసింది. వాళ్ళాయన మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో ఆస్పత్రిలో చేరి అక్కడే పోయాడట. ఈ.కోలై అనే బ్యాక్టీరియా రక్తంలోకి ఎక్కింది.
మా ఈ.కోలై టీకా ట్రయల్‌లో చేరాలంటే అరవై దాటి ఉండాలి. గడిచిన రెండేళ్ళలో ఒకసారైనా ఆ ఇన్ఫెక్షన్ వచ్చి ఉండాలి. అలాంటివాళ్ళు మా ఊళ్ళోనే ఇంతమందా? ఎవరూ చెప్పుకోరు. సిగ్గు.

ఏప్రిల్ 6
సిరంజిలో టీకా ఉందో ప్లసీబో (టీకా లేని ఉత్త సూది) ఉందో నాకు తెలీదు. చెయ్యి చాపిన మనిషికీ తెలీదు.
ఈ.కోలై ఒంటి మీది చక్కెర గొలుసుల్లో టీకా కోసం తొమ్మిది రకాలు ఎంచుకున్నారు. ఓ25బి వాటిలో ఉంది. మందులకి లొంగని కేసుల్లో మాటిమాటికీ కనపడేది అదే. గొలుసుల్ని ప్రోటీన్‌కి అతికించి ఇస్తారు, ఉత్త చక్కెరని ముసలి ఒళ్ళు సరిగా పట్టించుకోదు గనక. ముందు దశల్లో యాంటీబాడీలు బాగానే పెరిగాయి. పెరిగితే చాలా? ఎంతుంటే మనిషి గట్టెక్కుతాడన్న కొలత ఈ పురుగు విషయంలో ఇంకా తేలలేదు.

జులై 9, అర్ధరాత్రి
తెనాలి నుంచి తమ్ముడి ఫోన్. అమ్మ పొంతన లేకుండా మాట్లాడుతోందట. నా పేరు బదులు పెద్దమ్మ పేరు చెబుతోందట. "జొరం లేదక్కా. వయసు కదా..."
అరిచాను. ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళు. మందు ఎక్కించకముందే, ఏ పురుగో తేల్చే కల్చర్‌కి రక్తం తియ్యమని అడుగు. అడగరా!
ఇక్కడ రోజూ చెప్పే మాటే. పెద్దవాళ్ళకి జ్వరం రాకపోవచ్చు. మతి తప్పడమే మొదటి గుర్తు కావచ్చు.

జులై 12
రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. ఈ.కోలై. ఈఎస్‌బీఎల్. మామూలు మందులకి లొంగని రకం. మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ మొదలెట్టారు.
పొద్దున ట్రయల్ సైట్లో ఎవరికీ చెప్పలేదు. ఫోన్ కాల్స్ జాబితా ముందు పెట్టుకుని ట్రయల్‌లో ఉన్న ఒక్కొక్కరినీ అడిగాను. మంటగా ఉందా? చలి పుట్టిందా? ఆస్పత్రికి వెళ్ళారా? గొంతు పట్టేసింది.

జులై 15
అమ్మ మాట్లాడింది. ఆవకాయ జాడీకి వాసెన కట్టారా అని అడిగింది.
తిరిగొచ్చింది.

2023 జనవరి 20
మా ట్రయల్‌లో ఉన్న పెద్దాయన ఒకాయన వేరే ఊళ్ళో ఆస్పత్రిలో చేరాడు. రక్తం తీసేలోపే యాంటీబయాటిక్ ఎక్కించారు. వాళ్ళని ఏమంటాం, ప్రాణం మీదికొచ్చిన మనిషి. కల్చర్లో ఏమీ మొలవలేదు. మా లెక్కలో ఈ.కోలై జబ్బు రానట్టే.
రాలేదా మరి?

అక్టోబర్ 3
మా టీకా తయారుచేస్తున్న జాన్సన్ అండ్ జాన్సన్‌తో సనోఫీ చేతులు కలిపిందని వార్త. ఇంత డబ్బు ఊరికే పెట్టరు కదా. ఇవాళ కొంచెం ధైర్యంగా ఉంది.

2024 జూన్ 17
నిమోనియా తెచ్చే ఇరవై ఒక్క రకాల న్యుమోకాకస్‌కి కొత్త టీకా. అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. పెద్దవాళ్ళలో తిరుగుతున్న రకాలు చూసి చేశారట. పిల్లల కోసం చేసిన పాత టీకాని పెద్దలకీ వేశాం. అదీ తక్కువ పని చెయ్యలేదు. నెదర్లాండ్స్‌లో అరవై అయిదు దాటిన 84 వేల పైచిలుకు మంది మీద పరీక్షించారు. టీకాలోని రకాలతో వచ్చే నిమోనియా దాదాపు 46 శాతం తగ్గింది. రక్తం దాకా పాకే జబ్బు 75 శాతం తగ్గింది.
నిమోనియాకి వీలైంది. మాకెందుకు వీలవదు?
తమ్ముడికి ఫోన్ చేసి అమ్మకి నిమోనియా టీకా వేయించమన్నాను. "అది చిన్నపిల్లలది కదక్కా?" అన్నాడు. అమ్మయితే సూదుల మాటెత్తితేనే లేచి వంటింట్లోకి పోయిందట.

2025 ఫిబ్రవరి 13, గురువారం
ట్రయల్ ఆపేశారు.
స్వతంత్ర కమిటీ లెక్కలు చూసింది. ప్లసీబోతో పోలిస్తే టీకా చాలినంత కాపాడటం లేదంది. టీకా వల్ల హాని ఏమీ కనపడలేదు. అంతే.
చేరినవాళ్ళు పద్దెనిమిది వేల పైచిలుకు మంది.
కారు పార్కింగ్‌లో చాలాసేపు కూర్చున్నాను.

ఫిబ్రవరి 14
యాంటీబాడీలు వచ్చాయి కదా. మరి ఈ పురుగు ఎక్కడ తప్పించుకుంది? ఆ గొలుసుల మీద ఇంకో పొర కప్పుకునే ఈ.కోలైలు ఉన్నాయి. దాని చాటున జారిపోయిందా? మూత్రనాళం నుంచి రక్తంలోకి దూకేంత సమయంలో యాంటీబాడీ అందలేదా? నిద్ర రావడం లేదు.

ఫిబ్రవరి 19
ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. కొందరు ఊరుకున్నారు. ఒకాయన, "నాకు వేసింది అసలుదేనా?" అన్నాడు. అదొక్కటే కావాలాయనకి.
మొదట్లో సంతకం పెట్టినావిడ ఇప్పుడు ఎనభై ఒకటి. అంతా విని, "ఇంకోటి మొదలైతే నన్ను పిలువు" అంది.
పిలుస్తాను. ఇంకోటి మొదలవ్వాలి. ఇది ఓడిందని ఈ దారే మూసేస్తే, మందులకి లొంగని పురుగుల ముందు ఈ ముసలివాళ్ళని ఒట్టి చేతులతో వదిలేసినట్టే. దీనికి మాత్రం నేను ఒప్పుకోను.

మార్చి 8
తమ్ముడికి రాసి పంపాను, ఫ్రిజ్ మీద అంటించమని: అమ్మ ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే, అన్నం మానేస్తే, లేవలేకపోతే, జ్వరం లేకపోయినా సరే, వయసనుకోవద్దు. అదే పూట ఆస్పత్రికి వెళ్ళండి. రక్తం, మూత్రం కల్చర్ అడగండి.
అంటించి ఫొటో పెట్టాడు.

మార్చి 22
అమ్మ చివరికి ఒప్పుకుంది. నిన్న నిమోనియా టీకా వేయించారు. చెయ్యి కొంచెం వాచిందట, అంతకన్నా ఏం లేదు. ఈ.కోలైకి వేయిద్దామంటే టీకా ఇంకా లేదు.