సున్నా పడ్డ పాటలు

మన దగ్గర శుక్రవారం మధ్యాహ్నమయ్యేసరికి కొత్త సినిమా నెత్తిన ఒక అంకె వచ్చి కూర్చుంటుంది. రెండుంబావు, రెండూ ముప్పావు, మహా అయితే మూడు. సాయంత్రం ఆటకి బయల్దేరినవాళ్లు ఫోన్లో ఆ అంకె చూసి ఆగిపోవడం మనందరం ఎరిగిందే. సినిమాకైతే తట్టుకునే బలం ఉంటుందండీ. హీరో అభిమానులుంటారు, పాటలుంటాయి, రెండోవారానికి నోటిమాట ఉంటుంది, ఆనక టీవీ ఉంటుంది. మరి వెనకాముందూ ఎవరూ లేని పాటగాడి మీద అలాంటి అంకె పడితే? ఈసారి ఆ సంగతి మాట్లాడుకుందాం. ఇది చాలాకాలంగా నా మనసులో నలుగుతున్న విషయం.

ట్రావిస్ మోరిసన్ పేరు మీలో చాలామంది విని ఉండరు. 1972లో పుట్టాడు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌ని ఆనుకుని ఉండే ఉత్తర వర్జీనియా కుర్రాడు. ఇవాళ మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఇళ్లు కొనుక్కుని స్థిరపడ్డ ప్రాంతమే అది. 1993లో స్నేహితులతో కలిసి ‘ద డిస్మెంబర్‌మెంట్ ప్లాన్’ అనే బ్యాండు పెట్టాడు. ‘గ్రౌండ్‌హాగ్ డే’ సినిమాలో ఒక బీమా ఏజెంటు గడగడా వల్లించే మాటల్లోంచి తీసుకున్న పేరది. వాళ్లది పంక్ అందామంటే అందులో ఫంక్ దరువులుంటాయి. డ్యాన్సు సంగీతం అందామంటే మాటలు మనసును మెలిపెడతాయి. మోరిసన్ పాడుతున్నాడో, పక్కన కూర్చుని తన బాధ చెప్పుకుంటున్నాడో తెలియకుండా ఉంటుంది ఆ గొంతు.

కచేరీల్లో ‘ది ఐస్ ఆఫ్ బోస్టన్’ మొదలుపెట్టారంటే జనం వేదిక ఎక్కేసేవారు. కొత్త సంవత్సరం రాత్రి ఊరు కాని ఊళ్లో ఒంటరిగా మిగిలిపోయి, షాంపేన్ సీసా నెత్తిమీద వొంపుకుంటున్నవాడికి ఇంటినుంచి అమ్మ ఫోన్ చేస్తుంది. అదీ పాట. అంత ఒంటరి పాటకి అంతమంది ఒకరిమీద ఒకరు పడుతూ వేదిక మీద గెంతేవారు. ఆ బ్యాండుకీ వినేవాళ్లకీ ఉన్న బంధం ఎలాంటిదో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇంటర్‌స్కోప్ అనే పెద్ద కంపెనీ వీళ్లని తీసుకుంది. ఆల్బమ్ రికార్డయింది. ఈలోగా సంగీత వ్యాపారంలో కంపెనీలు ఒకదాన్నొకటి మింగేసే హడావుడి మొదలై, వీళ్లని వదిలేసుకున్నారు. అదృష్టం ఏమిటంటే టేపులు చేతికొచ్చాయి. 1999లో ఆ పాటల్నే ‘ఎమర్జెన్సీ అండ్ ఐ’ పేరుతో డిసోటో అనే చిన్న సంస్థ విడుదల చేసింది. ఆ సంస్థని నడిపిందీ జాబాక్స్ అనే బ్యాండులో వాయించినవాళ్లే. పాటగాళ్లకి పాటగాళ్లే అండ.

అప్పట్లో ఇంటర్నెట్టులో పిచ్‌ఫోర్క్ అనే సంగీత పత్రిక పేరు తెచ్చుకుంటోంది. పందొమ్మిదేళ్ల ర్యాన్ ష్రైబర్ మొదలుపెట్టింది. పదికి మార్కులు, అదీ దశాంశాలతో సహా. ‘ఎమర్జెన్సీ అండ్ ఐ’కి వాళ్లు 9.6 వేసి నెత్తిన పెట్టుకున్నారు.

అందులో ‘యూ ఆర్ ఇన్వైటెడ్’ అని ఒక పాట ఉంది. ఒకడికి టపాలో ఒక కవరు వస్తుంది. ఎవరు పంపారో ఉండదు. లోపల ఒక ఆహ్వానం. అది చేతిలో ఉంటే ఏ విందుకైనా వెళ్లొచ్చు, ఏ తలుపైనా తెరుచుకుంటుంది. పాట మొదలైన దగ్గర్నుంచీ వట్టి డ్రమ్ మెషిన్ చప్పుడు, దానిమీద కబుర్లాడుతున్నట్టుండే గొంతు, అంతే. ఎక్కడో మధ్యలో గిటార్లు ఒక్కసారిగా విరుచుకుపడి మళ్లీ అణిగిపోతాయి. చివరికి తనని ఎవరూ పిలవలేదని దిగులుపడుతున్న ఒక పాత స్నేహితుడు కనిపిస్తే, ఇతను ఆ కాగితం తీసి అతని చేతిలో పెట్టేస్తాడు. ఆ చోట గిటార్లు ఉరిమి ఉంటే పాట పాడైపోయేది. అక్కడ సంయమనం పాటించారు చూడండి, అందుకే ఈ బ్యాండంటే నాకంత గౌరవం.

2003లో బ్యాండు విడిపోయింది. మరుసటి ఏడు మోరిసన్ ఒంటరిగా ‘ట్రావిస్టాన్’ అనే ఆల్బమ్ చేశాడు. డెత్ క్యాబ్ ఫర్ క్యూటీ బ్యాండు గిటారిస్టు క్రిస్ వాల్లా నిర్మాణంలో చెయ్యేశాడు. సియాటిల్లోని బార్సుక్ సంస్థ విడుదల చేసింది. ఆ సెప్టెంబరు నెలలోనే ఆర్కేడ్ ఫైర్ అనే కొత్త బ్యాండు తొలి ఆల్బమ్‌కి పిచ్‌ఫోర్క్ 9.7 వేసింది. ఆ ఒక్క సమీక్షతో వాళ్ల దశ తిరిగిపోయింది. అదే నెలలో ‘ట్రావిస్టాన్’కి పడ్డ మార్కు 0.0.

ఒకటి కాదు, అర కాదు. సున్నా పాయింటు సున్నా. ఆ రెండో సున్నా ఎందుకో నాకిప్పటికీ అంతుపట్టదు.

తర్వాత జరిగింది వింటే గుండె తరుక్కుపోతుంది. అప్పటిదాకా పాటలు వేస్తామన్న కాలేజీ రేడియో స్టేషన్లు కొన్ని వెనకడుగు వేశాయి. ఒక క్యాసెట్లూ సీడీల దుకాణమైతే ఆల్బమ్ తెప్పించనే తెప్పించమంది. విని బాగాలేదని కాదు, సమీక్ష చూసి. ఈ మాట చెప్పింది బార్సుక్ సంస్థ నడిపే జాష్ రోజెన్‌ఫెల్డ్. రెండేళ్ల తర్వాత, 2006లో, మోరిసన్ వాషింగ్టన్ పోస్టు పత్రికతో మాట్లాడుతూ మరో సంగతి చెప్పాడు. సమీక్ష వచ్చేదాకా అతను ఒంటరిగా పాడుతుంటే, వీడు మనవాడే, కాస్త తిక్క మనిషి, అన్నట్టు ఆప్యాయంగా చూసేవారట. ఆ మర్నాటినుంచే చూపు మారిపోయిందట. వచ్చినవాళ్లే, తాము అక్కడ ఉండొచ్చో ఉండకూడదో తేల్చుకోలేక ఇబ్బందిగా నిలబడటం వేదిక మీంచి అతనికి తెలిసిపోయేదట.

నన్ను పట్టుకుని వదలనిది ఈ చివరి మాటే. తిట్టారని అతను బాధపడలేదు. పాట బాగాలేదన్నారనీ కాదు. తన పాట వింటూ నిలబడ్డ మనిషికి, ఇక్కడ నిలబడొచ్చా అన్న అనుమానం పుట్టింది. చెవిలో పాట మోగుతూనే ఉంది, అయినా ఆ మనిషి తన చెవిని నమ్మలేకపోతున్నాడు. పాటగాడికి ఇంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది చెప్పండి?

ఇంతకీ ఆల్బమ్ ఎలా ఉంది అని మీరడుగుతారు. అడగాలి కూడా. ‘ట్రావిస్టాన్’ ఎగుడుదిగుడు ఆల్బమ్. అమెరికా నాణేల మీద బొమ్మలుగా ఉన్న అధ్యక్షుల గురించి నాలుగు చిట్టిపాటలు మధ్యమధ్యలో వస్తాయి. ఊహ బాగుంది గానీ, నాలుగోది వచ్చేసరికి చాలనిపిస్తుంది. బ్యాండులో ఉన్నప్పుడు ఆ బేసు, ఆ డ్రమ్ములు అతని మాటల్ని ఒడుపుగా పట్టుకునేవి. ఇక్కడ ఆ పట్టు లేదు. కానీ ‘పీపుల్ డై’ పాటలో చావు గురించి అంత సూటిగా, చిన్నపిల్లలకి చెబుతున్నట్టు పాడటానికి ధైర్యం కావాలి. ఆ పాట ఉన్న ఆల్బమ్ సున్నా ఎలా అవుతుంది? నాకైతే ఆ సమీక్ష వెనక కోపంకన్నా భంగపడ్డ ప్రేమే కనిపిస్తుంది. 9.6 వేసిన పత్రిక కదా, మావాడు ఇలా చేశాడేమిటన్న ఉక్రోషం. ఆ నిరాశని రాసుకోవచ్చు, పేజీలకి పేజీలు రాసుకోవచ్చు, అది విమర్శకుడి హక్కు. రాసిందాన్ని చదివి మనం వాదించొచ్చు, ఒప్పుకోవచ్చు, కొట్టిపారేయొచ్చు. అంకెతో వాదించే వీలేదీ? అందులోనూ సున్నాతో?

ఆ పత్రికవాళ్లకీ ఇది తర్వాత తట్టినట్టే ఉంది. 2003లో లిజ్ ఫేర్ అనే గాయని ఆల్బమ్‌కి కూడా 0.0 వేశారు. అది రాసిన మ్యాట్ లెమే అప్పటికి పందొమ్మిదేళ్లవాడు. 2019లో అందరి ముందూ ఆమెకి క్షమాపణ చెప్పుకున్నాడు. నిండు మనసుతో చేసిన పని, మెచ్చుకోవాలి. 2021లో పత్రిక కొన్ని పాత ఆల్బమ్‌లకి మార్కులు సవరిస్తూ లిజ్ ఫేర్‌కి 6 ఇచ్చింది. ‘ట్రావిస్టాన్’ ఆ జాబితాలోకి రాలేదు.

మోరిసన్ 2007లో ‘ఆల్ యాల్’ అని మరో ఆల్బమ్ చేశాడు. అంతగా ఎవరూ పట్టించుకోలేదు. బతుకుతెరువుకి వాషింగ్టన్ పోస్టు వెబ్ విభాగంలో ప్రోగ్రామరుగా పనిచేశాడు. 2009లో ఇక జనం ముందు పాడే ఉద్దేశం లేదనేశాడు. ఆ మధ్యలోనే ఒకసారి, 2007లో, తమ నిర్మాత జె. రాబిన్స్ పసిబిడ్డ వైద్యం ఖర్చుల కోసం పాత బ్యాండంతా కలిసి వాషింగ్టన్‌లో పాడింది. 2011లో ‘ఎమర్జెన్సీ అండ్ ఐ’ ఎల్‌పీ రికార్డుగా మళ్లీ వచ్చింది. పిచ్‌ఫోర్క్ ఈసారి పదికి పది వేసింది. అలా ఒకే మనిషికి ఒకే పత్రిక 0.0, 10.0 రెండూ వేసింది. 2013లో బ్యాండు ‘అన్‌క్యానీ వ్యాలీ’ అనే కొత్త ఆల్బమ్ తెస్తే మళ్లీ సగం మార్కులు కూడా రాలేదు. అయినా వెళ్లి ఆ పాటలు వేదికల మీద పాడారు.

మన సంగతి వేరు. తెలుగులో సినిమా బయట పాట చేసేవాడికి సున్నా వేసేవాడు కూడా దొరకడు. చౌరస్తా లాంటి బ్యాండ్లు జనంలోకి వెళ్లాయంటే జనం తమంతట తాము పంచుకోబట్టే. ఫలానా పాటలో దరువు బాగుంది, చరణంలో మాట తేలిపోయింది అని ఓపిగ్గా రాసే పత్రిక మనకి ఒక్కటైనా ఉంటే ఎంత బాగుండును. మార్కులు అక్కర్లేదు. విన్నవాడు ఏం విన్నాడో రాస్తే చాలు.

‘ట్రావిస్టాన్’కి నేనూ మార్కు వేయను. ముందు ‘ఎమర్జెన్సీ అండ్ ఐ’లోంచి ‘ద సిటీ’ వినండి, ఆ గొంతు అలవాటవుతుంది. తర్వాత ‘ట్రావిస్టాన్’లో ‘బోర్న్ ఇన్ సెవెంటీ టూ’, ‘చే గువేరా పోస్టర్’, ఆపైన ‘పీపుల్ డై’. నాణేల పాటలు దాటేసినా నేనేమీ అనుకోను. నచ్చకపోతే నాకు రాయండి. ఏ పాటలో, ఏ చోట మీ మనసు విరిగిందో చెప్పండి. వచ్చే సంచికలో దానిమీదే మాట్లాడుకుందాం.