గోడలో చెమ్మ

ఇంగ్లండులో ఉద్యోగాల నుంచి రిటైరయ్యాక మావారూ నేనూ ఒక పాత మోటార్‌హోమ్ కొనుక్కున్నాం. ఫియట్ డుకాటో ఛాసిస్ మీద కట్టిన బండి, ఐదున్నర మీటర్ల పొడవు. వెనక రెండు వైపులా సీట్లు, రాత్రి వాటినే కలిపితే మంచం. మధ్యలో గ్యాసు పొయ్యి, చిన్న సింకు, మోచేతులు గోడలకు తగిలే బాత్‌రూమ్. మా కుక్కర్, పోపుల పెట్టె, ఆవకాయ సీసా పొయ్యి కింది అరలో కుదిరిపోయాయి.

ఇలాంటి బండి కొనేవాళ్లు ముందుగా ఇంజను గురించే అడుగుతారు. ఇంజను బాగుచేసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. ఏటా ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది కాబట్టి బ్రేకులూ, లైట్లూ, అడుగున తుప్పూ ఎలాగూ బయటపడతాయి. ఆ పరీక్షలో ఇంటి భాగం గోడల జోలికి ఎవరూ పోరు. మోటార్‌హోమ్‌ను చంపేది గోడలోకి దిగిన చెమ్మ.

ఒక చలికాలం గడిచాక, పరుపులు ఎండబెడదామని తీస్తే వెనక కిటికీ కింది మూలలో గోడ కాగితం కాస్త ఉబ్బి కనిపించింది. వేలితో నొక్కితే లోపలికి దిగింది. మావారు చెమ్మ కొలిచే మీటరు తెచ్చి పెట్టారు. 15 శాతం లోపు ఉంటే భయం లేదు, 20 దాటితే వెతకాలి, 30 దాటితే లోపల కర్ర పాడైనట్టే లెక్క. ఆ మూలలో మీటరు 30 దాటేసింది.

రిపేరు చేసే ఆయన లోపలి పలచటి ప్లైవుడ్ కోసి తీశాడు. బయట రేకు, మధ్యలో థర్మోకోల్, దాన్ని పట్టుకుని ఉండే సన్నటి కర్ర ఫ్రేము. ఆ కర్ర నానిన అటుకుల్లా చేతికి వచ్చేసింది. నీళ్లు దిగింది కిటికీ దగ్గర కాదు, పైకప్పూ గోడా కలిసే చోట. అక్కడి సీలెంటు వెంట్రుకవాసి పగిలింది. ఆ సందులోంచి వాన గోడ వెంట జారి కింది మూలలో నిలిచింది. పాడైన కర్ర కోసేసి, డీహ్యూమిడిఫయరు పెట్టి రోజుల తరబడి ఆరబెట్టి, కొత్త కర్ర వేసి, అతుకంతా గీకి మళ్లీ సీలు చేశాడు. సిలికాన్ మాత్రం వాడనివ్వద్దని గట్టిగా చెప్పాడు. ఒకసారి సిలికాన్ పూస్తే ఆ చోట తర్వాత ఇంకేదీ సరిగా అంటుకోదట. అప్పటినుంచి వానలు ముదిరే ముందు నిచ్చెన వేసుకుని పైకప్పు అతుకులన్నీ మావారు చేత్తో తడిమి చూస్తారు.

బండి బాగయ్యాక ఏప్రిల్‌లో స్కాట్లండ్ వెళ్లాం. బయల్దేరే ముందు కాటా వేయించాం. మా లైసెన్సులు 1997 తర్వాతవి, 3,500 కిలోలు దాటిన బండి మేం నడపకూడదు. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. అందుకే ట్యాంకు సగమే నింపి, బియ్యం బస్తా ఇంట్లోనే వదిలి, కావలసినంత డబ్బాలో పోసుకున్నాం.

ఇన్వర్‌నెస్ నుంచి ఉత్తర తీరమంతా చుట్టి మళ్లీ అక్కడికే వచ్చే దారికి 2015లో నార్త్ కోస్ట్ 500 అని పేరు పెట్టారు, 516 మైళ్లు. చాలాచోట్ల ఒకే బండి పట్టే రోడ్డు. పక్కకు తప్పుకోవడానికి అక్కడక్కడా జాగా వదిలారు. ఎదురొచ్చేవాళ్లకే కాదు, వెనకున్నవాళ్లకూ అక్కడ దారివ్వాలి. మనకది విహారం, వెనక వచ్చే నర్సుకూ పోస్టుమాన్‌కూ అది డ్యూటీ. ఆపిల్‌క్రాస్‌కు వెళ్లే బ్యాలఖ్ న బా కనుమ 626 మీటర్ల ఎత్తు, నిలువు వంపులు. పెద్ద బండ్లు వద్దని కిందే బోర్డుంది. మాది చిన్నదే అయినా షీల్‌డెయిగ్ మీదుగా తీరం దారినే వెళ్లాం. ఆ నిర్ణయం మావారిది, నాకు నూటికి నూరుపాళ్లు నచ్చింది.

తిరుగుదారిలో ఏవీమోర్ దగ్గర ఆగిన రాత్రి గడ్డంతా మంచు పేరింది. తెల్లారి పక్క బండిలోని పెద్దావిడ మా తలుపు తట్టింది. పొయ్యి వెలగడం లేదు, భర్త మందులు వేసుకోవాలి, కాస్త వేడినీళ్లు ఇస్తారా అని. వాళ్లది నీలం సిలిండరు, బ్యూటేన్. సున్నా డిగ్రీల దగ్గర అది ఆవిరి కావడం మానేస్తుంది. మేం ఎర్ర సిలిండరు, ప్రొపేన్ పెడతాం, అది సున్నాకి 42 డిగ్రీల దిగువ వరకూ పనిచేస్తుంది. ఇద్దరినీ లోపలికి పిలిచి అల్లం టీ, ఉప్మా పెట్టాను. ఆవిడ జీడిపప్పు ఏరుకుని ముందు తినేసింది.

చలికాలం బండి ఆపేటప్పుడు నీళ్లన్నీ వదిలేస్తాం. కుళాయిలు తెరిచి, పిడిని వేడినీళ్లకూ చన్నీళ్లకూ మధ్యలో ఉంచాలి, లేకపోతే ఒక గొట్టంలో నీళ్లు మిగిలి గడ్డకట్టి పగులుతుంది. టాయిలెట్ క్యాసెట్ ఖాళీ చేసి కడగడం ఎవరికీ ఇష్టమైన పని కాదు. మేం వంతులు వేసుకున్నాం.

ఇక్కడ పాత మోటార్‌హోమ్ కొనాలనుకునే మనవాళ్లకు నా మాట. టైరు మీద చివరి నాలుగు అంకెలు చూడండి, 2316 అంటే 2016లో 23వ వారం తయారైందని. గాడి ఎంత లోతున్నా, పాత టైరైతే మార్చుకునే ఖర్చు బేరంలో తగ్గించమనండి. చెమ్మ మీటరు పెద్ద ఖరీదేం కాదు, వెంట తీసుకెళ్లి ప్రతి మూలా, ప్రతి కిటికీ కిందా పెట్టి చూడండి. గోడలు పరీక్షించనివ్వను అన్నవాడి దగ్గర బండి కొనకండి.