కదిలితేనే కదిలే కాలం

తుపాకీ ఆట అనగానే వేళ్ల వేగమే గుర్తొస్తుంది. పోలండ్‌కు చెందిన ఓ చిన్న బృందం 2016లో తెచ్చిన ‘సూపర్‌హాట్’ వీడియో గేమ్ మాత్రం నన్ను ఆగి ఆలోచించేలా చేసింది. అందులో మనం కదిలితేనే కాలం నడుస్తుంది; ఆగితే దాదాపు నిలిచిపోతుంది. తెల్లటి గదులు, ఎర్రటి గాజుమనుషులు, నల్లటి ఆయుధాలు. అంతే. ముఖానికి జానెడు దూరంలో తూటా పాకుతూ వస్తుంటుంది. చేతిలో తుపాకీ ఖాళీ. దాన్ని ఎదుటివాడి మొహాన విసరాలి, వాడి చేయి జారిన పిస్తోలును గాల్లోనే అందుకోవాలి, ఈలోగా పక్కకు ఒక్క అడుగు. తూటా తగిలిందా, మళ్లీ మొదటికే. గురి కన్నా ఏది ముందు, ఏది వెనక అన్నదే ఇక్కడి చిక్కుముడి. గెలిచాక ఆ పోరునే అసలు వేగంతో చూపిస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది.

కథ దగ్గరే నాకు వెలితి. ఆటగాడు ఆజ్ఞలకు బానిస అన్న మాటను తెరనిండా అక్షరాలతో పదేపదే చెబుతుంది. ఆడేవాడికి అది ఎప్పుడో అర్థమైపోతుంది. పైగా కొన్ని గంటల్లోనే ముగింపు. శత్రువు శరీరంలోకి దూకే విద్య చేతికొచ్చేది బాగా ఆలస్యంగా. దానికోసం మరిన్ని గదులు కట్టి ఉండాల్సింది.